తినకుండా దాచిన బత్తెం

విమానంలో పనిచేసేదాన్ని కాబట్టి మూడు పూటలా పెద్ద హోటళ్లలో భోంచేస్తానని మా కొండ మీద అందరి నమ్మకం. నేనా, గది తలుపు వేసుకుని టీ కెటిల్‌లో చోడి అంబలి, అదే రాగి జావ, కాచుకునేదాన్ని. ఆ పిండి అమ్మ తిరగలిలో విసిరి ఇచ్చేది.

వేరే ఊళ్లో బస చేసినప్పుడు తిండికని కంపెనీ జీతం కాక విడిగా డబ్బిచ్చేది. మా ఇంట్లో దాన్ని బత్తెం అనేవాళ్లం. నేనది ముట్టుకోకుండా చెల్లి నర్సింగ్ చదువుకి పంపేదాన్ని. నాన్న లేరు. అమ్మకున్నదల్లా కాస్త కాఫీ తోట, అందులో చెట్లకి పాకిన మిరియాల తీగలు.

పన్ను రిటర్ను వేయించడానికి విశాఖలో ఒక ఆడిటరు గారి దగ్గరికి వెళ్లాను. ఆ బత్తెం డబ్బంతా తిండికే ఖర్చయిందా అని ఆయన మాటవరసకి అడిగారు. ఇంకెవరైనా అయితే అవునని తలాడించేవాళ్లు. మిషన్ బడిలో పెరిగినదాన్ని, అబద్ధం రాదు. రూపాయి ముట్టుకోలేదండీ, అంతా మిగిల్చానని గొప్పగా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి జాలిగా చూశారు. ఖర్చు పెట్టినంత వరకే పన్ను ఉండదట, మిగుల్చుకుంటే అదీ ఆదాయమేనట. పైగా నా పీఎఫ్ బేసిక్ జీతం మీదే కడుతున్నారు కాబట్టి, ముసలితనానికి ఈ బత్తెం వల్ల ఒరిగేదేమీ లేదట. నాకు ఒళ్లు మండిపోయింది. కడుపు మాడ్చుకున్నందుకు పన్నా! అయినా కట్టాను.

ఆ మంట చల్లారకముందే కంపెనీ వైద్య పరీక్షలో నా ఒంట్లో రక్తం చాలదని తేలింది. పుంజుకునేదాకా విమానం ఎక్కొద్దన్నారు. మళ్లీ చేసే పరీక్షలోనూ తప్పితే ఉద్యోగమే అనుమానం. ఎగరకపోతే బత్తెం లేదు, మిగిలేది బేసిక్ జీతం. చెల్లి చదువు ఆగిపోతుందేమోనని భయంతో ఇంటికి రైలెక్కాను. కొండ దారిలో టైడా స్టేషన్ దాటేసరికి ఏడవడం కూడా అయిపోయింది.

ఇంటికెళ్లి ఆడిటరు చెప్పిందంతా ఏకరువు పెట్టాను. నన్ను వెనకేసుకొస్తుందనుకుంటే అమ్మ నవ్వింది. ఊరి పని మీద ఎవరినైనా పాడేరులో సర్కారు ఆఫీసుకి పంపితే, దారి బత్తేనికి ఇంటింటా దోసెడు పిండి ఇవ్వడం మా దగ్గర ఉన్నదే. తిరిగొచ్చాక మిగిలిన పిండిని వాళ్లు ఇంటికి పట్టుకుపోరు. కుండలో కాచి ఊరందరికీ పోస్తారు. ఆ ఆడిటరూ అదే చెప్పాడు కదా, మిగిలినదాంట్లో నలుగురికీ వాటా ఉందని, అందులో తప్పేముందంది అమ్మ.

ఆ నవ్వుతోనే, మరి అక్కడ నువ్వేం తినేదానివని అడిగింది. కెటిల్ సంగతి చెప్పాను. పొదుపరినని మెచ్చుకుంటుందని నా ఆశ. అమ్మ నవ్వు ఆగిపోయింది. పొయ్యి ముందు కూర్చుని చాలాసేపు కట్టెలు ఎగదోస్తూ ఉండిపోయింది.

“ఇంటి మీద బెంగొస్తే తాగుతావని ఆ పిండి ఇచ్చినాను,” అంది చివరికి. “నీ కడుపుకిచ్చిన బత్తెంతోటి సెల్లిని సదివించమని నాను సెప్పినానేటి?”

నాకు సిగ్గేసింది, దుఃఖమూ వచ్చింది. ధర పెరిగేదాకా ఉంచుదామనుకున్న మిరియాలు అమ్మ ఆ వారం సంతలోనే అమ్మేసి చెల్లి ఫీజు కట్టేసింది. ఆ తర్వాత నా మీద పడింది. ఆకుకూరలు, ఉలవచారు, నాటుకోడి, వద్దన్నా వడ్డించేది. రెండోసారి పరీక్షలో గట్టెక్కాను.

మళ్లీ ఎగిరిన మొదటి రోజు, బస చేసిన హోటల్లో కెటిల్ వైపు చూడకుండా కిందకి దిగాను. అన్నం, పప్పు, చేపల కూర, పెరుగు తెప్పించుకున్నాను. ధరలు చూసి సగం వెనక్కి పంపేద్దామనుకున్నాను. అయినా మెతుకు మిగల్చకుండా తిని, బిల్లు ఫోటో తీసి, సెలవులకి ఇంటికొచ్చిన చెల్లికి పంపి, ఫోన్ చేశాను. అమ్మకి ఇంగ్లీషు రాదు. చెల్లి ఒక్కొక్కటీ చదివి చెబుతోంది. అన్నం. పప్పు. చేపల కూర. పెరుగు.

తర్వాత అమ్మ గొంతు.

“ఇంకోపాలి సదువే.”