కవిగారి మీద వడియాలు

మహాకవుల్ని పూలదండలతో గౌరవించినవాళ్ళని మీరు చూసే ఉంటారు. సగ్గుబియ్యం వడియాలతో గౌరవించింది మాత్రం నేనొక్కదాన్నే. నా పరువు గాల్లో కలిసిన ఆ ముచ్చట చెబుతాను, కడుపారా నవ్వుకోండి.

డెబ్బైల చివర అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్ళో కొత్త కాపురం. మా ఆయన ఆఫీస్‌కి వెళ్తే పొద్దస్తమానం తెలుగు మాట వినబడేది కాదు. ఫ్రిజ్‌తో కబుర్లు చెప్పేదాన్ని. అది నయం, గుర్రుమని బదులైనా ఇచ్చేది! ఎండ చూస్తే మన రోహిణి కార్తెకి పెద్దన్నయ్య. అంత ఎండ వృథాగా పోతుంటే ప్రాణం ఉసూరుమనేది. బాల్కనీలో ఏదీ ఆరేయకూడదని అపార్ట్‌మెంట్ వాళ్ళ ఆర్డరు.

ఒకరోజు పొద్దున్నే పక్క పార్కులో రెండు మంచాలంత వెడల్పు రాయి కనబడింది. దాని మీద తెల్లగుడ్డ, ముడతన్నది లేకుండా లాగి, మూలలు తాళ్ళతో కట్టి ఉంది. వడియాలకి కాకపోతే అంత శ్రద్ధగా గుడ్డెవరు పరుస్తారో మీరే చెప్పండి! ఎవరో మన తెలుగావిడే, గుడ్డ పరిచి పిండి ఉడికించడానికి వెళ్ళిందనుకున్నాను. ఒక్క పరుగున ఇంటికెళ్ళి, సగ్గుబియ్యం కాచి తెచ్చి వడియాలు పెట్టేశాను. సగం గుడ్డ మీదే సుమా. మిగతా సగం ఆవిడకి వదిలాను.

చెట్టుకింద కూర్చుని ఎదురుచూపులు. గుంటూరావిడా, గోదావరి వైపా? వంకాయ ఎలా వండుతుందో? సాయంత్రమైనా రాలేదు. ఆఫీస్ నుంచి నన్ను వెతుక్కుంటూ మా ఆయనొచ్చి, పక్కనున్న బోర్డు చదివి తెల్లబోయాడు.

"ఒసేయ్, ఇది గ్రీకు కవిగారి విగ్రహమే! కాసేపట్లో ముసుగు తీస్తారట!"

"విగ్రహమా? తలేదండీ? కళ్ళజోడేదీ?"

"ఆ రాయే కవి!"

"రాయా! మన దగ్గరైతే కవికి శాలువా అన్నా కప్పుతారు."

"కప్పారుగా! దాని మీదే నువ్వు వడియాలు పెట్టావు!"

"మరి ఆ తెలుగావిడ?"

"ఏ తెలుగావిడ?"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. వడియాలకి కాదు, ఆవిడ లేనందుకు.

ఇంతలో జనం వచ్చేశారు, ఎక్కువమంది గ్రీకు వాళ్ళే. వాళ్ళలో ఒక సూటాయన నా వడియాలూ అలంకారమే అనుకున్నాడో ఏమో, చప్పట్ల మధ్య తాడు లాగేశాడు. కవిగారు బయటపడ్డారు, అలలు చెక్కిన తెల్లరాయి. నా వడియాలు పైకెగిరి, ఒకటి సూటాయన టై మీద మెడల్‌లా అతుక్కుంది. చప్పట్లు ఆగిపోయాయి. మా ఆయన నేనెవరో తెలియనట్టు రెండడుగులు పక్కకి జరిగాడు.

నల్లగౌను వేసుకున్న ఒక గ్రీకు ముసలావిడ ముందుకొచ్చి, పచ్చివడియం వాసన చూసి, నోట్లో వేసుకుంది.

"రైస్?"

"నో. సగ్గుబియ్యం."

ఏమర్థమైందో తల ఊపి, వాళ్ళ భాషలో ఏదో అంది. అందరూ గొల్లుమన్నారు. ఒకాయన మాకు ఇంగ్లీషులో చెబితే మా ఆయన తెలుగులో చెప్పాడు: "వాళ్ళూళ్ళో కూడా ఎండలో ఖాళీ రాయి కనబడితే ఆడవాళ్ళు వదలరట."

"ఇంతకీ ఈ కవి ఏం రాశాడో అడగండి."

"సముద్రం గురించీ, ఎండ గురించీనట."

"ఎండ గురించైతే నా తప్పేముందండీ!"

మరుసటి వారం ఆ గ్రీకావిడ నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళింది. పెరట్లో బల్ల మీద తెల్లగుడ్డ. ఒక సగంలో పుల్లటి పాలతో కలిపిన గోధుమపిండి ముక్కలు ఎండుతున్నాయి. రెండో సగం ఖాళీగా ఉంది. నా చేతిలో గిన్నె చూసి, అటు చూపించింది.

అందుకే, వెలుగుతున్న పొయ్యి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఏ కవి మీదా వడియాలు పెట్టను. పెట్టాల్సొస్తే ముందు ముసుగు తీసి, తల ఉందో లేదో చూసి మరీ పెడతాను.