తాడు పట్టుకున్నవాడి మొహం

హిమాలయాల ట్రెక్కింగ్‌లో నా మోకాలు వాచిన మర్నాడు, "రెస్ట్ తీసుకోరా" అంటూ నలుగురు స్నేహితులూ నన్ను గుడారంలో వదిలేసి కనుమ వైపు వెళ్లిపోయారు. ఒంటరిగానే హైదరాబాద్ తిరిగొచ్చి, వీపున సంచితో ఫిల్మ్‌నగర్ బస్సెక్కాను. పక్క సీటాయన సినిమాల్లో హీరోల బదులు దూకే ఫైటర్. నా కుంటి నడక చూసి ఏమైందని అడిగితే అంతా చెప్పాను.

"దూకేముందు మేం తాడు చూడం తమ్మీ. పట్టుకున్నోని మొఖం చూస్తం."

"అయితే చూసుకోకపోవడం నా తప్పేనంటావా అన్నా?"

ఆయన చొక్కా చేయి పైకి మడిచి, వంకరగా అతుక్కున్న మోచేయి చూపించాడు.

"నేను చూసే దూకిన. పట్టుకున్నోడు నా సొంత తమ్ముడు."

షేక్‌పేటలో దిగిపోయాడు. కాసేపటికి నా ఫోన్‌కి స్నేహితుల ఫొటో వచ్చింది. కనుమ మీద నలుగురూ నవ్వుతున్నారు. ఒక్కొక్కరి మొహమూ పెద్దది చేసి చూశాను.

అందరివీ మంచి మొహాలే.