చుక్క నీళ్లు ముట్టని సరంగు

సన్యాసయ్య ఒట్టేశాడంటే బంగాళాఖాతం అలలాపి వింటుంది. ఈ మాట ఆయన అన్నది కాదు, ఈ కథ రాస్తున్న మనవరాలు ఇందు అంటున్నది. గొప్పలు చెప్పుకునే ఓపిక ఆయనకు ఎప్పుడో పోయింది.

సోంపేట తీరంలో తెప్ప నడిపిన మనిషి. కిడ్నీలు పాడయ్యాక రోజు విడిచి రోజు పలాస వెళ్లి డయాలసిస్ మంచం మీద పడుకుంటున్నాడు. నీళ్లు గ్లాసుతో కొలిచి తాగమన్నారు. సముద్రం మీద బతికినవాడికి అదేం శిక్షో!

మంచం మీద పొద్దు పోవడం లేదంటే ఇందు ఫోన్‌లో ఒక ఆట పెట్టించింది. అందులో ఎవరికి వారు ఒక వేషం తీసుకుని, ఆ మనిషిలాగే మాట్లాడుతూ ఆడాలి. సన్యాసయ్యకు వచ్చింది పడవ నడిపే ముసలి సరంగు వేషం. ఆ సరంగు తమ్ముడు సముద్రంలో పోయాడట. వాడు తిరిగొచ్చేదాకా మంచినీళ్లు ముట్టనని అన్న ఒట్టేశాడట. ఆట పుట్టినప్పుడే రాసిపెట్టిన కథ అది.

"మరేటి తాగుతాడే?"

"కల్లు తాతా."

"మంచోడే!"

ఆనాటినుంచి ఆటలోకి వెళ్లేముందు, చెప్పులతో తెప్ప ఎక్కకూడదనే జాలరిలా, కాళ్లకు చెప్పులు లేవు కదా అని తడుముకునేవాడు. ఆస్పత్రి మంచం మీద పడుకుని కూడా! ఎవరేమని పిలిచినా సరంగులాగే పలికేవాడు.

మొన్న బుధవారం ఆటలో వాళ్ల జట్టు పడవ ఇసుక దీవిలో చిక్కుకుంది. కల్లు అయిపోయింది. సరంగు ప్రాణం మీదికి వచ్చింది. ఆ ఆటలో చచ్చిన వేషం మళ్లీ లేవదు. జట్టులో టెక్కలి నుంచి ఆడే కుర్రాడు కామేశ్ ఆటలోనే నీళ్ల కుండ తెచ్చి ఎదురుగా పెట్టాడు.

"ఒక్క గుటక తాగీ తాతా! ఎవులు సూత్తారు?"

సూదులు లేని చేత్తో ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు సన్యాసయ్య. "నాను సూత్తన్నాను గదరా."

"ఆటే గదేటి! నువ్వు పోతే మరి మా పడవెవులు నడుపుతారు?"

"ఆటయితే సరిగ్గా ఆడు. ఈ ముసిలోడు ముట్టడు."

ఇన్నాళ్లు సాకిన సరంగు ఇసుకలో ఒరిగిపోయాడు. తెర నల్లబడింది. సన్యాసయ్య ఫోన్ బోర్లించి కళ్లు మూసుకున్నాడు. పక్కన యంత్రం తిరుగుతూనే ఉంది. ఇకనుంచి ఈ మంచం మీద పొద్దెలా పోతుందో ఆయనకు తోచలేదు.

సాయంత్రం ఇంటికొచ్చాక పెరట్లో కడవ మూత చప్పుడైంది. ఇందు వెళ్లి చూసింది. తాత చేతిలో చెంబు ఉంది. గడ్డం తడిసిపోయింది.

"ఆటలో సచ్చిపోయినా ముట్టనోడివి, ఇక్కడ దొంగతనంగా తాగుతున్నావేటి తాతా? నీ ఒట్టేటయిపోనాది?"

సన్యాసయ్య చెంబులో మిగిలింది కూడా తాగేసి, మూతి తుడుచుకున్నాడు.

"ఒట్టెట్టినోడు ఆ సరంగు. నానెట్టానేటే?"