ఏటి మోసినాదే ఆ ఓడ?

పోయిన ఆదివారం పూరీ గేట్ దగ్గరి మా చర్చిలో కరెంటు పోయింది. వెనక షెడ్డులో జనరేటరు దగ్గుతూ లేచింది. డీజిలు పొగ కిటికీలోంచి వచ్చి గొంతులో పడగానే నాకు సుశీల ఆంటీ మీద కోపం వచ్చింది. ఆమె ప్రభువు దగ్గరికి వెళ్లిపోయినా ఆ కోపం తగ్గలేదు. బతికున్నప్పుడు ఇలా పొగ వస్తే ప్రసంగం మధ్యలోనే లేచి వెళ్లేది. "ఒక్క మైకు కోసం ఇంత కాల్సాలేటి? పాస్టరు గారికి గొంతు లేదా?" అని షెడ్డులో ఆమె అరిచే అరుపు ప్రసంగం కన్నా స్పష్టంగా వినిపించేది.

ఆంటీ కోల్‌కతాకి లోకల్ రైలు దూరంలో ఉన్న ఈ ఊళ్లోనే, రైల్వే క్వార్టర్సులో పుట్టింది. విశాఖలో ఓడల మరమ్మతుల్లో ఇంజనీరుగా పనిచేసి, రిటైరయ్యాక ఇక్కడే సుభాష్‌పల్లిలో రెండు గదుల ఆఫీసు పెట్టింది. నేను అక్కడ ఆమె దగ్గర పనిచేసేదాన్ని. ఓడలు ఏడాదిలో ఎంత ఇంధనం కాల్చాయో, ఎంత కార్బన్ వదిలాయో సరిచూసి, ఎ నుంచి ఇ దాకా గ్రేడు వేసి నివేదిక ఇవ్వడం మా పని. సముద్రం చూడాలంటే రైలెక్కాల్సిన ఊళ్లో కూర్చుని ఓడల పొగ కొలుస్తున్నామని అందరూ నవ్వేవారు. నాకు నవ్వు కాదు, విసుగొచ్చేది. ఏ నివేదిక మీద సంతకం పెట్టాలన్నా, సంఘంలో సాక్ష్యం చెప్పినట్టు లేచి నిలబడి ఆ ఓడ సంగతి చెప్పాలి. అదీ ఆమె పద్ధతి.

"లేయే రూతూ, సాక్ష్యం సెప్పు."

ఒకసారి ఒక సరుకు ఓడ గురించి లేచాను. "ప్రభువు కృప వల్ల సి గ్రేడు నుంచి బి గ్రేడుకి వచ్చినాది ఆంటీ."

"కృప సంగతి తర్వాత. ఏటి మోసినాదే ఆ ఓడ?"

"సగం ఏడాది కాళీగానే తిరిగినాది."

"మరి పొగ తగ్గదేటే? ఒట్టి సంచీతో గోల్‌బజార్‌కి ఎల్లొచ్చి, ఆయాసం రాలేదని మురిసినట్టుంది!"

ఆ లెక్క తీరే అంత. వదిలిన కార్బన్‌ను తిరిగిన దూరంతోనూ, ఓడ మోయగల బరువుతోనూ భాగిస్తారు. నిజంగా మోసిన బరువు అందులోకి రాదు. ఆకులు చూసి అంజూరపు చెట్టును మెచ్చుకోవడమే. ఫలాల కోసం వెతికిన ప్రభువును నమ్మినదాన్ని, నాకూ ఒళ్లు మండింది. కానీ నియమం మాది కాదు కదా.

ఇంతలో ఓడ యజమాని తాలూకు మనిషి ఫోను చేశాడు. "ఈ ఓడ తక్కువ ఇంధనంతో ఎక్కువ పని చేస్తోంది" అని నివేదికలో ఒక్క వాక్యం చేర్చాలట. అది చూపించి కొత్త సరుకు బేరాలు తెచ్చుకుంటారట. మా పనిలో చాలాభాగం వాళ్ల ఓడలే. వాళ్లు పోతే నా ఉద్యోగం పోతుంది. ఇంట్లో నా జీతమే ఆధారం. ఆంటీ గ్రేడు మీద సంతకం పెట్టింది, వాక్యం మాత్రం రాయనంది. నాకు సహనం చచ్చింది.

"గ్రేడు ఒప్పుకున్నారు కదా, ఇంకొక్క లైను రాస్తే ఏటైపోద్ది?"

"గ్రేడు రూలు సెప్పిన మాట. ఆ రూలు బాలేదని పైవాళ్లకి రాసినాను, మళ్లీ రాస్తాను. ఈ లైను మన నోటి మాట. నీ సాక్ష్యం ఇంకోడు రాసిస్తే సంఘంలో సదువుతావేటి?"

"నా ఉద్యోగం పోతాది ఆంటీ."

"పోతాది. ఇంకోచోట పని సూసే పూచీ నాది. ఆ లైను మాత్రం రాయనే."

వాళ్లు తమ ఓడలన్నీ తీసుకుపోయారు, నా ఉద్యోగం పోయింది. మాట ప్రకారం కోల్‌కతాలో ఇంకోటి ఇప్పించింది. రోజూ లోకల్ రైల్లో నలిగి వెళ్తే, అక్కడ మొదటి ఏడాదే నా బల్ల మీదికి వచ్చింది అదే ఓడ, అదే వాక్యం! రాయనన్నాను. మేనేజరు, "దీదీ, మీకేంటి పోయేది?" అని తల పట్టుకున్నాడు. ఆ ఓడను వేరేవాళ్లకిచ్చాడు. వాళ్లు రాసేశారు. ఈ ఏడాదీ అంతే జరిగింది. పెద్ద కుర్చీ కూడా రాసినవాళ్లకే దక్కింది.

ఆంటీ ధైర్యం నాకు అబ్బలేదు, ఆ లైను రాయనివ్వని ఆమె విసుగు మాత్రం అబ్బింది. దాన్ని తీసెయ్యమని ఎన్నోసార్లు మోకరించాను. ప్రభువు వినలేదు. ఇప్పుడు ఎక్కడ వింటాడోనని భయమేసి, అడగడం మానేశాను.