నీళ్ల డబ్బా పక్క కుర్సి

మా కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌కు బెంచి లేకుండె. అందరు బెంచి బెంచి అంటరు గని, మ్యాచున్న నాడు ఆఫీసు రూములకెల్లి ప్లాస్టిక్ కుర్సీలు తెచ్చి గీత అవతల వరుసగ వేస్తుండె. ఆడే ఐదుగురు పోంగ మిగిలినోళ్లం వాటిల్ల కూసునేది. ఆ వరుస చివరకు నీళ్ల డబ్బా, దాని పక్క కుర్సి నాది. ఎవరు రాసియ్యలే, గయినా నాదే. ఫస్టియర్ల నాదే, సెకండియర్ల నాదే, ఫైనలియర్ల గుడ నాదే. దానికి ఒక కాలు కొంచెం వంకర. ఎటు ఒరిగితే అది ఎంత ఊగుతదో నాకెరుక. బాల్ ఎటు పోతదో గట్లనే ఎరుకుంటే ఎప్పుడో ఆడుతుంటి.

నేను పొడుగు. ఎల్లారెడ్డిల మా బడిల ఆడపిల్లలందర్ల నేనే పొడుగు. బడిల ఆటల సార్ "నువ్వు చెయ్యెత్తితే చాలు బిడ్డా, బాల్ దానంతట అదే పడతది" అంటుండె. గా మాట నమ్ముకొని కామారెడ్డిల డిగ్రీల చేరంగనే టీమ్‌కు పేరిచ్చిన. మొదటి దినమే సమజయింది, చెయ్యెత్తుడు అందరికొస్తదని. అక్కడి పిల్లలు చిన్నప్పటి సంది ఆడినోళ్లు. నాకంటె జానెడు పొట్టిగున్న పిల్ల నా చంక కిందికెల్లి దూరి, బాల్ వేసి, మళ్లొచ్చి నా భుజం తట్టి పోయేది. కోపం రాదా మరి? మస్తు వచ్చేది. గని కోపంతోని బాల్ పడదు గదా.

దానికి తోడు బస్సు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి గంట మీదనే పడతది. ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయినంక సీటు దొరికిన దినం పండుగనే. ఎవరన్న దిగుదామని లేస్తే చాలు, వాళ్లు పూరా లేవకముందే కిటికీలకెల్లి ఎవరిదో దస్తీ వచ్చి సీటు మీద పడుతుండె. గట్ల నిలవడి పోయి, క్లాసులు విని, సాయంత్రం గ్రౌండుకు పోతే కాలేజీ ఆటల సార్ మొదాలు ఉరికిస్తడు. ఉరికినంక పాసులు, పాసులైనంక ఒక్కొక్కరు పోయి బాల్ వేసుడు. అన్ని అయినంక ఆఖరుకు టీములు చేసి ఆడిపిస్తడు. గా ఆడిపిచ్చే యాల్లకు సరిగ్గ నా ఆఖరు బస్సు యాల్ల అయితుండె. ఉరుకుడంత నాది, ఆటంత వాళ్లది.

"సార్, ముందుగాల ఆడిపియ్యండి. ఉరికేది తర్వాత ఉరుకుతం" అని ఒకసారి అడిగిన.

సార్ నవ్విండు. "చెయ్యి కడగక ముందే బువ్వ తింటవా?" అన్నడు.

మా సార్ చెడ్డోడు కాదు. చెడ్డోడైతే బస్సుల తిట్టుకుంట పోతుంటి, గంట ఇట్టె గడుస్తుండె. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అంత బస్సు మీద పెడుతున్ననా అని నాకే అనిపిచ్చి, సెకండియర్ల పొద్దుగాల ఫస్టు బస్సు పట్టుడు మొదలు పెట్టిన. పొద్దుటి ప్రాక్టీసు సగమన్న దొరుకుతదని. అమ్మ నాకంటె ముందు లేచి బువ్వ డబ్బ కట్టేది. నేను కండ్లు నులుముకుంట బస్టాండుకు ఉరికేది. సార్ చూసి మెచ్చుకుండు. "పట్టుదల ఉన్నది నీకు" అన్నడు. పట్టుదల ఉన్నోళ్లకు కుర్సి, ఆట ఉన్నోళ్లకు గ్రౌండు. ప్రతి మ్యాచుకు ముందు "వచ్చేసారి చూద్దాం తీ" అనేటోడు. గా వచ్చేసారి ఎన్నడు రాకపోయేది.

మా అమ్మ బీడీలు చేస్తది. పొద్దంత చేట ఒళ్లె పెట్టుకొని కిందనే కూసుంటది. ఆకు కత్తిరిచ్చుడు, తంబాకు పోసుడు, చుట్టుడు, దారం కట్టుడు. లేవాలంటె ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి నడుముకు పెట్టి "అవ్వో" అనుకుంట లేస్తది. బాపు మస్కట్ల ఉంటడు, రాత్రి బువ్వ తినే యాల్లకు ఫోన్ చేస్తడు.

మా దిక్కు కుర్సి అంటె ఉత్త కుర్సి కాదు. ఇంటికి సార్లొస్తె, కొత్త చుట్టమొస్తె పక్కింటికెల్లన్న కుర్సి తెచ్చి వేస్తరు. పెండ్లిల కుర్సి వెయ్యలేదని అలిగి తినకుంట పోయినోళ్లను నేను కండ్లార చూసిన. అమ్మోళ్లు పోయే బీడీల కార్ఖానల ఒక్కటే కుర్సి ఉంటది. బీడీలు చూసి తీస్కునేటాయన దాంట్ల కూసుంటడు. ఆడోళ్లంత కింద వరుసగ కూసొని, ఆయన కట్ట విప్పి బాగలేనియి తీసి పారేస్తుంటె మెడలు ఎత్తి చూస్తుంటరు. చిన్నప్పుడు అమ్మెంట పోయి నేనూ గట్లనే మెడ ఎత్తి చూసిన.

సెకండియర్ల ఒక దినం అమ్మ నడుము నొప్పికి కామారెడ్డి దవాఖానకు వచ్చింది. ఇద్దరం కలిసి ఇంటికి పోదామని కాలేజీకి వచ్చింది. ఆ దినం వేరే కాలేజోళ్లతోని మ్యాచ్. నాకు ఎరుకే లేదు, అమ్మ గేటు కాడ నిలవడి అంత చూసింది. చూసిందంటె ఏముంది? నన్ను చూసింది. నేను కూసున్న.

బస్సుల అమ్మ మొఖం వెలిగిపోతుండె. "మంచిగనే చూస్కుంటున్నరే నిన్ను. ఆ పిల్లలనేమో ఎండల ఉరికిస్తున్నరు. కిందమీద పడుతున్నరు, మోకాళ్లు దోక్కపోతున్నయి, సార్ గాయిగాయి ఒర్రుతుండు. నిన్నొక్క మాట అనలే. కుర్సి వేసి, టవాల్ ఇచ్చి, నీళ్లు పక్కకు పెట్టి కూసోబెట్టిండు. నా పానం నిమ్మళమయింది బిడ్డా."

నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. అట్ల కాదమ్మా అని చెప్దామనుకున్న. గని నిలవడి నిలవడి కాళ్లు గుంజుతున్నయి, పక్కావిడ సంచి నా కడుపుల పొడుస్తుంది, అమ్మేమో ఎన్నో దినాలకు నవ్వుతుంది. మళ్ల చెప్త తీ అని ఊకున్న.

అంతే, అయిపాయె. తెల్లారి బీడీలు చేసేకాడ అందరికి తెలిసింది. "ఏం పిల్లా, ఇయ్యాల గుడ కుర్సిల కూసున్నవా?" అని సందుల పోంగ రాంగ అడుగుడు. బాపు ఫోన్ల, "నీకు కుర్సి వేస్తున్నరట గదా బిడ్డా. మీదికొస్తున్నవన్నట్టు" అన్నడు. ఆయన అక్కడ ఎండల నిలవడి పని చేసేటోడు. ఆయనకు నేనేమని చెప్పాలె? "ఆఁ బాపు" అన్న.

ఫైనలియర్ల ఆఖరు పోటీలు మా కాలేజీలనే పెట్టిండ్రు. అవి అయితె పరీక్షలు, పరీక్షలైతె ఇగ టీమ్ లేదు, ఏం లేదు. ఎల్లారెడ్డిల మా బడి బాస్కెట్‌బాల్ పోలుకు బాల్ దిగే జాలి గుడ లేదు, రింగు తుప్పు పట్టి వంగిపోయింది. నాకు పెద్ద కోరికలేం లేవు. మ్యాచ్ నడుస్తుండంగ, అందరు చూస్తుండంగ, ఒక్క బాల్ వెయ్యాలె. గంతే. సార్ గుడ పిలిచి చెప్పిండు, "ఈసారి నిన్ను దింపుత. పక్కా." దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటరు గదా, నేను ఎక్కువ సంబురపడలే. సంబురపడేటందుకు గుడ ఓపిక ఉండాలె.

ఇంట్ల మాత్రం చెప్పిన, ఇదే ఆఖరిదని. అమ్మ ఒక్కతే రాలే. పక్కింటి చిన్నమ్మను గుడ ఎంటబెట్టుకొచ్చింది. ఇద్దరు పట్టుచీరలు కట్టుకొని, గ్రౌండు చుట్టు కట్టిన తాడు అవతల నిలవడ్డరు. అమ్మ చెయ్యి చాపి చిన్నమ్మకు చూపిస్తుంది. నన్ను కాదు, కుర్సిని.

నిజామాబాద్ నుంచి వచ్చినోళ్లతోని మ్యాచ్. ఎండ సిమెంటు మీద పడి కండ్లు గుంజుతున్నయి. నేను బూట్ల లేసులు విప్పి కట్టిన, మళ్ల విప్పి మళ్ల కట్టిన. సార్ ఎవరినన్న మార్చాలంటె కుర్సీల దిక్కు తిరిగి చూస్తడు. ఆయన చూపు ఒక్కొక్కరి మీద ఆగుతది, నా కాడికి వచ్చేసరికి, కండక్టర్ పాసున్నోళ్లను చూసినట్టు చూసి పోతది. సగం ఆట గట్లనే అయిపాయె.

చిన్నమ్మ గొంతు పెద్దది. "నీ బిడ్డ ఎప్పుడు ఆడతదే?" అని అడిగింది, గ్రౌండంత ఇనవడేటట్టు.

"అది ఆడేదేంది?" అన్నది అమ్మ. "అది ఆడేటోళ్లను చూసేది."

నా పక్క కుర్సీల పిల్లలు నోటికి టవాల్ అడ్డం పెట్టుకుండ్రు. నా ఇజ్జత్ మొత్తం పోయింది. నీళ్ల డబ్బా మూత తీసి ఊకనే రెండు గిలాసలు తాగిన.

ఆట అయిపోవస్తుందనంగ మా పిల్ల ఒకతి ఎగిరి దిగబోయి కాలు మడతపడ్డది. సార్ నా దిక్కు తిరిగిండు. "లెవ్వు, జల్ది!"

నేను లేచిన. నేను లేసుడు, అమ్మ తాడు కిందికెల్లి దూరి ఉరికొచ్చుడు ఒక్కటే అయింది. "ఏమైంది సారూ? దాన్నెందుకు లేపుతున్నరు? అదేం తప్పు చేసింది?"

సీటీ ఊదేటాయన సీటీ నోట్లనే పెట్టుకొని చూస్తుండు. సార్ అమ్మను నిమ్మళపరుద్దామని, "తప్పేం లేదమ్మా. జర సేపే. మళ్లొచ్చి కూసుంటది" అన్నడు.

నేను ఇంక గీత దాటనే లేదు, నా తిరిగొచ్చుడు అప్పుడే ఖాయమైంది.

దిగిన. మొదటి బాల్ చేతులకెల్లి జారింది. రెండోది పట్టిన గని, కొట్టుకుంట పోవుడు మరిచి రెండడుగులు ఎక్కువ వేసిన, సీటీ పడ్డది. మా కెప్టెన్ పిల్ల దగ్గరికొచ్చి, "పరేశాన్ గాకు, నిలవడు, బాల్ వస్తది" అన్నది. అప్పుడు ఒకసారి ఎనుకకు తిరిగి చూసిన. అమ్మ నా కుర్సి ఎనుక నిలవడ్డది, రెండు చేతులు దాని వీపు మీద పెట్టి. కాలు మడతపడ్డ పిల్ల కింద కూసొని, కాలు నీళ్ల డబ్బా మీద వేసుకున్నది. అమ్మ నా ఆట దగ్గరికెల్లి చూస్తందుకు వచ్చిందనుకున్న. ఏందో, నడుముల బలమొచ్చినట్టయింది.

ఎవరో వేసిన బాల్ రింగుకు తగిలి ఎగిరింది. నేను కిందనే ఉన్న. ఆలోచన లేదు, ఏం లేదు, చెయ్యెత్తిన. చేతికి వచ్చింది. గట్లనే బోర్డుకు కొట్టిన. జాలిలకెల్లి కిందికి పడ్డది.

పడ్డది! మా పిల్లలు వీపు మీద కొట్టిండ్రు, సార్ చప్పట్లు కొట్టిండు. అమ్మ మొఖం చూడాలనిపిచ్చింది గని అవతలోళ్లు అప్పుడే బాల్ పట్టుకొని ఉరుకుతున్నరు. నేనూ ఉరికిన. ఇంకో బాల్ నా కాడికి రాకముందే ఆ పిల్ల కాలుకు పట్టీ కట్టుకొని లేచింది, సార్ నన్ను పిలిచిండు. నేనొచ్చేసరికి అమ్మ కొంగుతోని కుర్సి తుడిచి, "కూసో బిడ్డా" అన్నది. మొఖం కళకళలాడుతుండె. అది నేను వేసిన బాల్‌కే అనుకున్న. మ్యాచ్ గెలిచినం, ఫోటో దిగినం.

బస్సుల ముగ్గురం నిలవడ్డం. నాకు లోపల సంబురంగ ఉన్నది, ఒళ్లు మాత్రం నుజ్జునుజ్జయింది. అమ్మ చిన్నమ్మతోని, "చూసినవా, మళ్ల దాని కుర్సి దానికే ఇచ్చిండ్రు" అన్నది.

ఇగ నాతోని కాలే.

"ఆపమ్మా ఇగ! కుర్సి, కుర్సి, కుర్సి! ఆట రానోళ్లను కూసోబెడతరమ్మా దాంట్ల. ఉరికేటోళ్లే పెద్దోళ్లు. నేను అక్కరకు రాననే కూసోబెట్టిండ్రు. మూడేండ్ల సంది!"

బస్సుల ముందటోళ్లు తిరిగి చూసిండ్రు. చిన్నమ్మ కిటికీ దిక్కు తిరిగింది. అమ్మ పై రాడ్ గట్టిగ పట్టుకున్నది. లింగంపేట వచ్చింది. అక్కడ జనం దిగి బస్సు కొంచెం పలుచనైంది, గయినా అమ్మ రాడ్ ఇడువలే.

"అయితె," అన్నది మెల్లగ, "చీకటితోని లేచి ఉరికింది కూసునేటందుకేనా?"

"అవు."

"కూసునుడు ఎంత నొప్పో నాకెరుకనే బిడ్డా. నాకు చెప్పకపోతివి."

ఏడుపొచ్చింది నాకు. గంత ఒర్రినందుకు నామోషీ గుడ అయింది. అమ్మను నిమ్మళపరుద్దామని, జర నవ్వి, "ఊకో అమ్మా. ఇయ్యాల ఒక బాల్ వేసిన గదా. గదొక్కటే కావాలనుకున్న. నువ్వు దగ్గరికెల్లి చూసినవు, సాలు" అన్న.

అమ్మ నా మొఖం దిక్కు చూసింది. చూసి తల దించుకుంది.

"సూడలే బిడ్డా," అన్నది. "గా కాలు మడతపడ్డ పిల్ల నీ కుర్సిల కూసుంటనని వచ్చింది. నేను కూసోనియ్యలే. ఇంకెవ్వరన్న వస్తరేమోనని, దాన్నే పట్టుకొని, దాన్నే సూస్కుంట నిలవడ్డ."