పోస్టర్ మీది నల్లబొమ్మ

పొద్దున ఏడున్నరకు మేడ్చల్‌ల మా మందుల కంపెనీ క్యాబ్ ఎక్కితే తుర్కపల్లిల దిగేదాంక ముప్పావుగంట పడుతది. ఆ ముప్పావుగంటల మేము దేశంల ఉన్న పాటగాళ్ళందరి జాతకాలు చెప్పేటోళ్ళం. మేమంటే నేను, దారిల ఎక్కే నా దోస్తు, క్యాబ్ నడిపే అన్న. ఇంకో ఇద్దరు ఉంటరు గని వాళ్ళు ఎక్కంగనే కండ్లు మూస్తరు, కంపెనీ గేటు కాడ తెరుస్తరు. ఇగ ఆఖరు మనిషి మా సారు. ఆయన కూడ నా తీరుగనే మేడ్చల్‌ల ఎక్కుతడు. ల్యాబుల తూకం మిషన్లు సరిగ్గ తూస్తున్నయా లేదా చూసుడు ఆయన పని. యాభై ఐదేండ్లుంటయి. టిఫిన్ డబ్బ ఒళ్ళె పెట్టుకొని కిటికీలకెల్లి బయటకు చూస్తుంటడు. మాట తక్కువ.

శామీర్‌పేట దాటినంక రోడ్డుకు ఆనుకొని పెద్ద ఖాళీ జాగ ఉంది. ఒకప్పుడు మక్క చేను, ఇప్పుడు వెంచర్. ప్లాట్లు అమ్ముడువోయేదాంక ఉత్తగ ఎందుకుండాలె అనుకున్నరో ఏమో, చలికాలంల రెండొద్దుల పాటల పండుగకు కిరాయికిస్తున్నరు. మొదటి ఏడు బాగనే జరిగింది. రెండో ఏడు నాలుగు నెలల ముందే పోస్టర్ ఇడిసిండ్రు. కింద సన్నటి అక్షరాలల్ల చిన్న బ్యాండ్ల పేర్లు, నడుమ కొంచెం పెద్ద పేర్లు, అందరికన్న పైన ఒక నల్లటి మనిషి బొమ్మ. రెండో రోజు ఆఖరుకు పాడే హెడ్‌లైనర్ ఆ బొమ్మ. పేరు తర్వాత చెప్తరట.

ఆ ఒక్క బొమ్మ మమ్ముల మూడు నెలలు నడిపించింది.

నా దోస్తు ప్యాకింగ్ సెక్షన్‌ల చేస్తది. దాని లెక్క జుట్టు మీద ఉండె. "జర పెద్దగ జేసి చూడక్కా, చెవి పక్కన ఇట్ల లేచింది. గట్లాంటి జుట్టు ఒక్కడికే ఉంది," అని సినిమా పాటలు పాడే ఒక పిలగాని పేరు చెప్పేది. నా ప్రాణమంత ఇంకో బ్యాండు మీద ఉండె. నలుగురు పోరగాండ్లు, గిటార్లు, మస్తు సప్పుడు. వాళ్ళ పేరు ఆల్రెడీ పోస్టర్ నడుమ ఉంది. అయినా వాళ్ళనే తెచ్చి పైన పెడతరని నేను వాదించేది. ఎందుకంటే ఏమని చెప్తం? మందుబిళ్ళను మిల్లీగ్రాముల్ల తూచే చదువు సదువుకున్నదాన్ని, ఫోన్ మీద స్కేలు పెట్టి ఆ నల్లబొమ్మ భుజాలు కొలిచిన. మా బ్యాండు గిటారాయన ఫొటో కూడ కొలిచిన. రెండూ కలిసినయి. కలిసేదాంక ఫొటోను పెద్దగ, చిన్నగ జేసిన ముచ్చట మాత్రం ఎవరికీ చెప్పలె.

పండుగ పేరు మీద ఫోన్‌ల ఒక గ్రూపుండె. అండ్ల ఎవరికి ఎక్కువ పేరుందని ఓట్లు పెట్టిండ్రు. నేను ఒక ఓటేసి, ఇంట్ల నాయిన ఫోన్ తీసుకొని ఇంకోటేసిన. నాయిన చూడనే చూసిండు.

"నా ఫోన్‌ల ఎవరికి ఓటేస్తున్నవే?"

"ఒక బ్యాండుకు నాయినా."

"ఏ పార్టీ?"

"పార్టీ గాదు, పాటలు పాడేటోళ్ళు."

"నన్ను అడగకుంట వేస్తవా? మన వార్డుల గిట్లనే అయితున్నయి," అని ఫోన్ గుంజుకున్నడు. ఓటైతే పడ్డది.

క్యాబ్ అన్నకు పండుగ లోపలి సంగతులు తెలుస్తయి. వాళ్ళ బామ్మర్ది టెంట్‌హౌజ్ నడుపుతడు, స్టేజీ పని ఆయనకే వచ్చింది. ఒకనాడు అన్న అద్దంల మమ్ముల చూసుకుంట చెప్పిండు. "స్టేజీ ఎన్కాల మెట్లు కట్టమన్నరట. మూడు నాలుగు వరుసలు, ముప్పై మంది నిలవడేటట్టు."

ఇగ జూస్కో. "డ్యాన్సర్లు," అన్నది నా దోస్తు. "మా పిలగాడు డ్యాన్సర్లు లేంది స్టేజీ ఎక్కడు." నేను ఊకుంటనా, డోలు కొట్టేటోళ్ళు అన్న. మెట్ల మీద డ్యాన్సెట్ల జేస్తరని ఒకరం, డోలు ఎట్ల మోస్తరని ఒకరం కొట్లాడుతుంటే సారుకు దగ్గు పట్టుకున్నది. నీళ్ళిచ్చిన. తాగి, మల్ల కిటికీ దిక్కు తిరిగిండు.

అప్పుడే అన్న మెల్లగ ఒక పేరు చెప్పిండు. పాతకాలం గాయకుడు. మా నాయిన వయసులున్నప్పుడు ఊరూరా మోగిన గొంతు. "నా దిల్ అదే చెప్తాంది. ఆయనే వస్తడు," అన్నడు.

నేను నవ్విన. నవ్వి ఊకుంటే అయిపోతుండె. "ఆయన పాటలు మా నాయిన క్యాసెట్లల్ల ఉండె అన్నా. ఇప్పుడు ఆయన కోసం ఎవరొస్తరు? సగం కుర్చీలు ఖాళీగుంటయి," అన్న.

అప్పటిదాంక బయటకు చూస్తున్న సారు మెల్లగ నా దిక్కు తిరిగిండు. "అయితే కుర్చీలు తక్కువనే ఏపియ్యమంటవా?" అని అడిగిండు.

"అవు సార్, మిగిలిన జాగల మంచిగ నిలవడి ఎగరొచ్చు," అన్న. ఆయన సరేనన్నట్టు తలకాయ ఊపిండు. అందరం నవ్వినం. సారుకు గీ పాటలు ఏం తెలుసు, ఆయనకు ఆదివారం చర్చిల పాడేటియి తప్ప అనుకున్న. మేడ్చల్‌ల వాళ్ళ చర్చి పాటల బృందాన్ని ఆయనే నడిపిస్తడని తెలుసు. క్రిస్మస్ ముందు ఇంటింటికి తిరిగి పాడుతరు, ఒకసారి మా గల్లీకి కూడ వచ్చిండ్రు. అయితే దానికి, మా పండుగకు ఏం సంబంధం?

పేరు చెప్పే రోజు వచ్చింది. ల్యాబులకు ఫోన్లు తీసుకపోనియ్యరు. పదకొండింటికి చెప్తరని తెలిసి కూడ ఒంటిగంట దాంక సీసాలు కడుగుకుంట, లెక్కలు రాసుకుంట ఉన్నం. అన్నం టైంల ఉరికి లాకర్ తెరిచి ఫోన్ చూస్తే నల్లబొమ్మ జాగల మొఖం ఉంది. తెల్ల గడ్డం. క్యాబ్ అన్న చెప్పిన మనిషే.

నా దోస్తు అన్నం ముంగట కూసొని పెరుగన్నం పిసుక్కుంట, "ఆ జుట్టు ఎట్ల కలిసిందక్కా మరి?" అని నన్నే అడిగింది. నేనేం చెప్పాలె, భుజాలు కొలిచినదాన్ని.

సాయంత్రం క్యాబ్‌ల ఇద్దరం కిటికీలకు తల ఆనించినం. సారే అడిగిండు, "ఏందమ్మా, ఇయ్యాల సప్పుడు లేదు?" అని. అన్న మాత్రం వారం రోజులు ఊకోలె. స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడల్ల, "నేను చెప్పిన గదా," అనేటోడు. బండి ఎగిరితే మేము ఎగిరేది, ఆ మాట ఒకటి మీద పడేది.

టికెట్లు ఎప్పుడో తీసుకున్నం, పోకుంట ఉంటమా. రెండో రోజు మధ్యాహ్నం పోయినం. మా బ్యాండు మూడింటికి పాడింది. ఎర్రటి ఎండల మన్ను లేచేదాంక ఎగిరినం. ఆ గిటారాయనను దగ్గరికెల్లి చూస్తే భుజాలు అంత పెద్దగ ఏం లేవు. నా దోస్తు ఆ మాట అననే అన్నది.

పర్మిషన్ రాత్రి దాంక లేదట, ఆఖరు పాటగాడు ఆరింటికే ఎక్కాలె. ఐదున్నర నుంచే జనం గేటు దిక్కు మళ్ళిండ్రు. ఒకసారి రాజీవ్ రహదారి మీద ట్రాఫిక్ మొదలైతే కదలదని అందరికీ ఎరుకే. మేము కూడ చెప్పులు దులుపుకుంట లేచినం. నేను అన్న ముచ్చట నిజమే అయితున్నదని లోపల ఒకింత సంబురం కూడ పడ్డ. అది దాయను.

ఇంతల స్టేజీ ఎన్కాల మెట్ల మీద లైట్లు పడ్డయి. తెల్లబట్టలేసుకున్నోళ్ళు వరుసగ ఎక్కి నిలవడుతున్నరు. ఆడోళ్ళు, మొగోళ్ళు, పెద్దమనుషులు. డ్యాన్సర్లు గాదు, డోళ్ళు లేవు. నా దోస్తు నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

"అక్కా, మూడో వరుసల కుడిపక్క చూడు."

చూసిన. మా సారు. తల సక్కగ దువ్వుకున్నడు, మెడకు నీలం కండువ. పొద్దుగాల క్యాబ్‌ల కూసున్నట్టే, ఎవరినీ చూడనట్టు నిలవడ్డడు.

మేము గేటు దిక్కు పోలె. ఖాళీ అయిన కుర్చీల నడుమ నుంచి ముందుకు నడిచినం. ముసలాయన వచ్చిండు, నమస్కారం పెట్టిండు, పాట అందుకున్నడు. నాకు ఎరుక లేదనుకున్న పాట. రెండో చరణం వచ్చేవరకు నా నోరు తనంతట తనే పాటకన్న ముందే మాటలు అంటున్నది. చిన్నప్పుడు ఆదివారం నాయిన స్కూటర్ కడుగుతుంటే ఇనవడేది గదా, గట్ల లోపలికి పోయి కూసున్నది.

మూడో పాటల ఒక కాడ గొంతు పైకి పోవాలె. ముసలాయన పోయిండు గని సగంల గొంతు పగిలింది. ఒక్క క్షణం ఏం ఇనవడలె. ఆ క్షణంల మెట్ల మీదికెల్లి ఒక గొంతు లేచింది. పెద్దగ గాదు, కిందవడే మనిషికి భుజం ఇచ్చినట్టు. ఎన్కనే బృందమంత కలిసింది. ముసలాయన ఎన్కకు తిరిగి చూసిండు. మా సారు కండ్లు మూసుకొని పాడుతున్నడు. ముసలాయన మైకు కిందికి దించి, ఆ చరణం అయిపోయేదాంక ఇన్నడు, మల్ల నవ్వుకుంట అందుకున్నడు. గేటు దిక్కు పోయేటోళ్ళు కొంతమంది నిలవడ్డరు. అందరు గాదు. మస్తు మంది పోనే పోయిండ్రు.

నాయినకు ఫోన్ కలిపి చెయ్యి లేపి పట్టుకున్న. పాట అయినంక చెవి కాడ పెట్టుకుంటే, "గీ పాట పెడితే చెవులు మూసుకుంటుంటివి గదనే," అన్నడు. కట్ చెయ్యకు, ఇంకోటి ఇంటనన్నడు.

సోమారం పొద్దున స్టాపు కాడ సారు నాకన్న ముందే వచ్చి ఉన్నడు. అదే టిఫిన్ డబ్బ.

"సార్, మీకు ఎప్పటిసంది ఎరుక?"

"పోస్టర్ రాకముందే. ఎవరికీ చెప్పనని కాయితం మీద సంతకం పెట్టించుకున్నరమ్మా. ఇంట్ల కూడ శనారం శనారం ప్రాక్టీసు అని చెప్పిన గంతే."

"మరి మేము రోజు గట్ల ఒర్రుతుంటే మీరు..."

"మంచిగ పొద్దువోయేది. ఆ భుజాలు కొలిచిన ముచ్చట మా బృందానికి చెప్తే ప్రాక్టీసు పదినిమిషాలు ఆగింది."

నేను తల దించుకున్న. "కుర్చీల ముచ్చట అనకుంట ఉండాల్సింది సార్."

"నువ్వు అన్నది అబద్ధం గాదు. మెట్ల మీదికెల్లి నాకు మంచిగ కనవడ్డది, ఎన్కాల మొత్తం ఖాళీ." టిఫిన్ డబ్బ ఇంకో చేతికి మార్చుకున్నడు. "నువ్వు అన్న ముచ్చట నేను ప్రాక్టీసుల ఆ పాట పెద్దాయనకు కూడ చెప్పిన."

"ఏమన్నరు?"

"నవ్విండు. ఆ పిల్ల వస్తదా అని అడిగిండు. వస్తదన్న. అయితే ఒక్క కుర్చీ నిండినట్టే అన్నడు."

అంతల క్యాబ్ వచ్చింది. అన్న దిగి, ఎన్నడూ లేంది సారుకు తలుపు తీసిండు. ఆ రోజు సంది సారు ముందు సీట్లనే కూసుంటున్నడు. నా దోస్తు ఇంటికాడి నుంచే ప్రశ్నలు తయారు పెట్టుకొని వచ్చింది, ముసలాయన ఏం తింటడు, కోపమొస్తదా, నిజంగనే గడ్డానికి రంగెయ్యడా అని. సారు అన్నిటికీ జవాబు చెప్పిండు. ఎప్పుడూ పండుకునే ఇద్దరిల ఒకాయన కండ్లు తెరిచి, "మీరు పాడుతరా సార్?" అని అడిగి మల్ల పండుకున్నడు.

ఈ ఏడు మల్ల పోస్టర్ వచ్చింది. సారును ఈసారి పిలువలె, అంటే ఆయనకు కూడ మా లెక్కనే ఏమీ ఎరుక లేదు. అయినా లోపలి మనిషి తీర్గ మాట్లాడుతడు. ఒక తబలాయన వస్తడని ఖరారుగ చెప్పిండు. తెలిసినోళ్ళు చెప్పిండ్రన్నడు, ఆ తెలిసినోళ్ళు ఎవరంటే చెప్పడు. నా దోస్తు పూర్తిగ నమ్మి గ్రూపుల రాసింది. నిన్న పేరు బయటవడ్డది. తబల లేదు ఏం లేదు, ఎవరో ఆడమనిషి, గిటార్ వాయించుకుంట ఒక్కతే పాడుతదట. ఇయ్యాల పొద్దుగాల సారు శామీర్‌పేట దాంక కిటికీలకెల్లి బయటకే చూసిండు. అక్కడ సిగ్నల్ కాడ బండి ఆగినంక ఎన్కకు తిరిగి, "ఆమె పాట ఏదన్న ఉంటే పెట్టు బిడ్డా, ఇందాం," అన్నడు.