లస్కరు ఇంటి గోడ

పాలకొల్లు బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ, కాలవ లాకులు దగ్గరపడగానే కిటికీ వైపు సీటు ఇమ్మని అడిగారు. ఇచ్చాను.

లాకుల పక్కన కొత్తగా సున్నం వేసిన చిన్న పెంకుటిల్లు కనిపించింది. కాలవ నీటిని ఆపే లాకు తలుపులు ఎత్తి దించే లస్కర్ల కోసం తెల్లదొరల కాలంలో కట్టిన ఇల్లది. పాత కట్టడమని ఈమధ్యే బాగుచేయించి, ముందు బోర్డు పెట్టారు.

"మా ఆయన లస్కరండి. మా కాపురమంతా అందులోనే," అన్నారావిడ.

"చాలా బాగా చేశారండి."

"బాగానే చేశారండి. మా అమ్మాయి పెళ్ళికి గుమ్మం పక్కన పేర్లు రాశారండి ఆయన, లాకు తలుపులకేసే ఎర్రరంగుతో. అది పాతది కాదని బాగుచేసినవాళ్ళు గీకేశారు."

"అమ్మాయి ఎక్కడుంటారండి?"

"తొలికాన్పులో పోయిందండి. తర్వాత ఆయనా పోయారు. ఆ గోడ చూసుకోడానికే ఈ బస్సెక్కేదాన్ని."

ఇల్లు వెనక్కి వెళ్ళిపోయింది. ఆవిడ కిటికీ ఊచ వదల్లేదు.

"అమ్మాయి పేరేంటండి?" అన్నాను.

"సత్యవతండి," అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

తర్వాత ఒకసారి అక్కడ దిగి బోర్డు చదివాను. ఇల్లు కట్టించిన దొర పేరుంది. సత్యవతి పేరు ఎక్కడ ఉండేదోనని ఆ తెల్లగోడంతా చేత్తో తడిమాను. నున్నగా ఉంది.